గార్డుల విధులపై జీపీఎస్ నిఘా: ఆరు నెలల వాడకం తర్వాత

రాత్రి షిఫ్టులో సెక్యూరిటీ గార్డులు గస్తీ తిరుగుతున్నారో లేదో తెలుసుకునేందుకు ఆరు నెలలుగా ఒక జీపీఎస్ ట్రాకింగ్ సేవను వాడుతున్నాము. గార్డు ఫోన్‌లోని యాప్ అతను ఉన్న చోటును ఎప్పటికప్పుడు నమోదు చేస్తుంది. మ్యాపుపై మనం గీసిన హద్దు దాటితే సూపర్‌వైజరుకు హెచ్చరిక వెళ్తుంది.

ఆరుబయట దీని పనికి వంక పెట్టలేము. ఆకాశం తేటగా కనిపించే చోట ఫోన్ జీపీఎస్ సాధారణంగా 5 మీటర్ల తేడాలోపే స్థానాన్ని చూపుతుంది కనుక, ప్రహరీ వెంబడి గార్డు నడిచిన దారి స్పష్టంగా తెలుస్తుంది. చిక్కంతా భవనం లోపలే. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతం నేలను చేరేసరికే ఎంతో బలహీనపడుతుంది; ఇక కాంక్రీటు కప్పులు దాటి సెల్లారులోకి చేరడం మరీ కష్టం. సెల్లారులో తన కుర్చీలోనే ఉన్న గార్డు వీధిలోకి వెళ్లిపోయినట్టు మాకు రెండుసార్లు హెచ్చరిక వచ్చింది. సూపర్‌వైజరు మొదట గార్డును మందలించి, ఆ తర్వాత సీసీ కెమెరా దృశ్యాలు చూసి, అతనికి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. గార్డు ఏ అంతస్తులో ఉన్నాడన్నది కూడా జీపీఎస్ నమ్మకంగా చెప్పలేదు. అందుకే ప్రతి అంతస్తులో మెట్ల దగ్గర ఎన్‌ఎఫ్‌సీ ట్యాగులు (ఫోన్ చదవగలిగే చిన్న చిప్ ఉన్న స్టిక్కర్లు) అతికించాము. ఫోన్‌ను కొన్ని సెంటీమీటర్ల దగ్గరకు తెస్తేనే అవి పనిచేస్తాయి కనుక, అక్కడికి వెళ్లక తప్పదు.

బ్యాటరీ త్వరగా అయిపోతుంది, గార్డు గదిలో ఛార్జరు ఉంచాలి. షిఫ్టు ముగియగానే ట్రాకింగ్ దానంతటదే ఆగిపోవడం మాత్రం నాకు అన్నిటికన్నా నచ్చింది. గార్డులు దీనికి ఒప్పుకున్నది కూడా ఆ ఒక్క కారణంతోనే.