నాలుగేళ్ల తర్వాత నా మొదటి బోన్సాయ్ గురించి

చెట్టుకు కట్టిన చీటీ మీద "బోన్సాయ్" అని మాత్రమే ఉంది. కింద రెండు ముక్కలు: వారానికి రెండుసార్లు నీళ్లు, ఎండ తగలనివ్వద్దు. అది నమ్మి మూడు వారాల్లో సగం ఆకులు పోగొట్టుకున్నాను.

బోన్సాయ్ అనేది చెట్టు పేరు కాదు, పెంచే పద్ధతి పేరు. ఆ సంగతి తెలిశాక, ముందు నా దగ్గరున్నదేమిటో తేల్చుకోవాల్సి వచ్చింది. ఆకు తుంచితే మర్రాకులాగే తెల్లటి పాలు. ఆకు మందంగా, నున్నగా ఉంది, అంచుకు రంపపు పళ్లు లేవు. మట్టి పైన చిలగడదుంపల్లా ఉబ్బిన వేర్లు. ఫైకస్ మైక్రోకార్పా, అంగళ్లలో ఫైకస్ జిన్సెంగ్ అంటారు. పాలు రాకుండా ఆకు అంచు రంపంలా ఉంటే అది చైనీస్ ఎల్మ్ కావచ్చు. ముదురుపచ్చటి చిన్న ఆకుల మీద సన్నని తెల్లచుక్కలుంటే కార్మోనా. సూదుల్లాంటి ఆకులుంటే జునిపర్, దాన్ని గదిలో పెంచలేం. పైగా చచ్చిపోయాక కూడా వారాల తరబడి పచ్చగానే కనిపించి మోసం చేస్తుంది.

నా చెట్టుకు అసలు గండం నీళ్ల దగ్గరే. కుండీ పైన గులకరాళ్లు జిగురుతో అతికించి ఉన్నాయి. పోసిన నీళ్లు వాటి మీదుగా అంచుకు జారిపోయేవి. స్క్రూడ్రైవర్‌తో పెకలించి చూస్తే అంచున బురద, మధ్యలో వేరుముద్ద పిడకలా ఎండి ఉంది. అప్పట్నుంచి రోజులు లెక్కపెట్టడం మానేశాను. వేలు కాస్త మట్టిలోకి దించుతాను. తడి తగిలితే వదిలేస్తాను, ఆరుతుంటే కింది రంధ్రాల్లోంచి కారేదాకా పోసి, కాసేపాగి మళ్లీ పోస్తాను. ఎండాకాలంలో దాదాపు రోజూ, చలికాలంలో నాలుగైదు రోజులకోసారి పోయాల్సి వస్తోంది. స్ప్రే సీసా మాత్రం ఆకుల మీద దుమ్ము కడగడానికి తప్ప దేనికీ అక్కరకు రాలేదు.

కిటికీ దగ్గరికి మార్చాక ఇంకొన్ని ఆకులు రాల్చింది. చోటు మారితే ఫైకస్‌కు అలకే. కంగారుపడి మళ్లీ చోటు మార్చకుండా ఊరుకుంటే నెలన్నరలో చిగురేసింది. రెండో ఏడాది నుంచి వెచ్చటి నెలలంతా ఆరుబయటే ఉంచుతున్నాను. ఆకులు చిన్నవయ్యాయి, కణుపులు దగ్గరయ్యాయి.

ఆ ఏడాదే, ఎదుగుదల జోరుగా ఉన్నప్పుడు, మట్టి తీసేసి ప్యూమిస్ (తేలికపాటి అగ్నిపర్వత రాయి), లావా గుళికలు, ఆకడామా (జపాన్ బంకమట్టి గుళికలు) కలిపి నాటాను. వేర్లలో మూడో వంతు కత్తిరిస్తుంటే నా చేతులు వణికాయి. చెట్టుకు చీమ కుట్టినట్టయినా లేదు. కొమ్మ ఆరేడాకులు వేశాక రెండాకులు ఉంచి కత్తిరిస్తాను, పక్క కొమ్మలు అలాగే వచ్చాయి.

నాకు నచ్చనిది అంటు. పైనున్న కొమ్మలు వేరే రకానివి, లావు మొదలుకు అంటుకట్టినవి. అంటు కింది నుంచి వచ్చే చిగుళ్ల ఆకులు వేరేగా ఉంటాయి, గిల్లుతూనే ఉండాలి. మళ్లీ కొంటే ఫైకస్‌నే కొంటాను గానీ అంటు లేనిది చూసుకుంటాను.

మూడో ఏడాది కొమ్మ వంచడానికి అల్యూమినియం తీగ చుట్టి రెండు నెలలు మరిచిపోయాను. బెరడులోకి దిగింది. తీగను ముక్కలుగా కత్తిరించి తీసినా మెలికల మచ్చ మిగిలింది. ఆ వైపు గోడకేసి పెట్టుకున్నాను. అన్ని వైపులా వెలుతురు తగలాలి గనక వారానికోసారి కుండీ తిప్పక తప్పదు, మచ్చేమో మళ్లీ ముందుకొచ్చి కూర్చుంటుంది.