కాంక్రీట్ పంపు లైను కడగడం: గాలితోనా, నీళ్లతోనా?

స్లాబ్ పోత అయిపోయింది, అందరికీ ఇంటికెళ్లే తొందర. పైపుల్లో మిగిలిన కాంక్రీటు గట్టిపడేలోపు బయటికి తోసేయాలి. నాకు అసలు టెన్షన్ ఈ కాసేపే.

గాలి పద్ధతిలో పైపులో స్పాంజి బంతి పెట్టి, వెనక నుంచి కంప్రెసర్ గాలి వదులుతారు. పని త్వరగా అవుతుంది, నీళ్లు పెద్దగా అక్కర్లేదు. కానీ నొక్కిన గాలి స్ప్రింగు లాంటిది. మధ్యలో ముద్ద అడ్డుపడితే ప్రెజర్ పెరుగుతూ పోతుంది. 125 మిల్లీమీటర్ల పైపులో 7 బార్ అంటే ఆ ముద్దను సుమారు 870 కిలోల బరువు నెడుతున్నట్టే. అది ఒక్కసారిగా వదిలితే కంకర తూటాల్లా లేస్తుంది. చివర రబ్బరు హోస్ ఉంటే అది పక్కనున్న మనిషిని స్లాబ్ అంచు నుంచి కిందికి కొట్టేయగలదు.

నీళ్లు నొక్కినా దాదాపు కుంచించుకోవు. అందుకే పంపు ఆపగానే ప్రెజర్ చాలా వేగంగా పడిపోతుంది. 100 మీటర్ల లైను నిండాలంటే మాత్రం 1,230 లీటర్ల దాకా కావాలి. ఎండాకాలంలో హైదరాబాద్ సైటులో ట్యాంకర్ కోసం ఎదురుచూసేవాళ్లకు అదేం చిన్న మాట కాదు.

అయినా నా ఓటు నీళ్లకే. గాలి తప్పదంటే ముందు రబ్బరు హోస్ తీసేయండి, చివర బంతిని పట్టే బుట్ట బిగించండి, అటువైపు ఎవరినీ ఉండనివ్వకండి. లైను ఆగిందని, పైపులను కలిపి పట్టే క్లాంపు విప్పబోయే కుర్రాడి చెయ్యి పట్టుకుని ఆపండి. కంప్రెసర్ ఆపి, వాల్వు తెరిచి, లోపలి గాలంతా వదిలాకే క్లాంపు ముట్టుకోవాలి.