పొలం వాగు మీద చప్టాకి 900 ఎంఎం ఎన్‌పీ3 సిమెంటు పైపులు: వరద చూశాక రాస్తున్న రివ్యూ

పొలానికీ రోడ్డుకీ మధ్య వాగు అడ్డం ఉన్న రైతుల కోసం రాస్తున్నా. మాది నెల్లూరు జిల్లా వింజమూరు పక్క మెట్ట, నిమ్మతోట. ఉదయగిరి కొండల వైపు గట్టి వాన పడితే ఇక్కడ చినుకు లేకపోయినా వాగు వచ్చేస్తుంది, ఇక కోసిన కాయ పొదలకూరు మార్కెట్‌కి చేరదు, తోటలోనే మెత్తబడుతుంది. అందుకే సొంత ఖర్చుతో ట్రాక్టరు, లోడు బండి పోయేలా చప్టా కట్టుకున్నాం. పైపులకి నా మార్కులు 5కి 4. నిక్షేపంగా కొనుక్కోవచ్చు, అయితే డబ్బంతా పైపులకే పెట్టేసి చప్టాకి ఎగువ, దిగువ గోడలకి ఏమీ మిగల్చకపోతే ఎంత మంచి పైపైనా వరద లాక్కుపోతుంది.

పైపు బలాన్ని బట్టి ఎన్‌పీ2, ఎన్‌పీ3 అని క్లాసులుంటాయి, పైపులమ్మే యార్డులో ముందు చూపించేది ఎన్‌పీ2. రేటు తక్కువ, గోడ పల్చన, తేలిక బండ్లు తిరిగే చోటికి సరిపోతుంది. జామాయిల్ లోడో, గ్రావెల్ టిప్పరో దాటాలంటే ఎన్‌పీ3 అడగండి. ఐఎస్ 458 (సిమెంటు పైపుల భారత ప్రమాణం) ప్రకారం తయారైన పైపు మీద క్లాసు, సైజు, తయారైన తేదీ రాసి ఉండాలి. మేము మొదట వెళ్లిన ఒక యార్డులో ఆ రాతే లేదు, అడిగితే "అన్నీ ఒకటేలే అన్నా" అన్నారు. అక్కడ కొనలేదు. రెండో చోట ప్రతి పైపునీ చిన్న సుత్తితో తట్టి చూసుకోనిచ్చారు. గంటలా ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే లోపల చీలిక ఉన్నట్టే. అంచు విరిగినవి పక్కన పెట్టేసినా ఆ యార్డు వాళ్లు గొణగలేదు, ఆ మర్యాదకి ఒక మార్కు నేను సంతోషంగా వేస్తా.

సైజు దగ్గర కక్కుర్తి పడొద్దు. ఒక్క 900 పైపు నోరు రెండు 600 పైపుల నోళ్లు కలిపినదానికన్నా పెద్దది. పైగా మన వాగుల్లో నీళ్లతో పాటు చిల్లకంప, పొగాకు మోళ్లు, ప్లాస్టిక్ సంచులు కూడా వస్తాయి, చిన్న పైపుకి అవి అడ్డం పడితే అది చప్టా కాదు, ఆనకట్ట అవుతుంది, నీళ్లు పక్క గట్టు కోసుకుని చేలోకి దారి చేసుకుంటాయి. మాకు పైన ఒకాయన చేలో సరిగ్గా ఇదే జరిగింది, పైపులు ఉన్న చోటే ఉన్నాయి, వాగే పక్కకి జరిగిపోయింది!

బరువు మాత్రం మామూలుగా ఉండదు. రెండున్నర మీటర్ల 900 ఎన్‌పీ3 ఒక్కోటి సుమారు 2 టన్నులు. జేసీబీ బకెట్‌కి గొలుసు కట్టి దించేద్దామని అనేవాళ్లు ఉంటారు, ఒప్పుకోకండి, కింద మనుషులుంటారు. హైడ్రా (చక్రాల క్రేను) పిలిపించండి. లారీ రోడ్డు దాకానే వస్తుంది, అక్కడినుంచి వాగులోకి చేర్చే ఖర్చు మనదే, ఆ సంగతి యార్డు వాళ్లు ముందుగా చెప్పరు. నేను తగ్గించిన మార్కు దానికే.

ఇక అసలు పని. వాగు ఎండిన ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెట్టండి, మన జిల్లాకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి కాంక్రీటు క్యూరింగ్‌కి కావలసినంత టైముంటుంది. పైపు అడుగు వాగు అడుగుకన్నా కొంచెం కిందకే ఉండాలి. పైపుకీ పైపుకీ మధ్య సగం పైపంత ఎడం వదలండి, లేకపోతే మధ్యలో మట్టి దిమ్మిస కొట్టడానికి చోటుండదు. వాగు ఇసక దగ్గర్లో ఉంది కదా అని దాన్నే నింపకండి, నీళ్లు దాన్ని సందుల్లోంచి లాగేస్తాయి. ఎర్ర గ్రావెల్ తడిపి, అర అడుగు చొప్పున, రెండు వైపులా సమానంగా పోసి కొట్టాలి. ఒకవైపే పోస్తే పైపు పక్కకి తోసుకుపోతుంది.

పైన కాంక్రీటు స్లాబు, అదీ మధ్యలో పల్లంగా ఉండేలా. పెద్ద వరద ఎలాగూ పైనుంచే పోతుంది, అది గట్టిగా కట్టిన చోటునుంచే పోవాలి గానీ చివర్లలో మట్టి గట్టు మీదుగా కాదు. ఎగువన, దిగువన గోడలు వాగు అడుగులోకి లోతుగా దించాలి. ముఖ్యంగా దిగువ గోడ, ఎందుకంటే పైపులోంచి దూకిన నీళ్లు అక్కడే గుంట తవ్వుతాయి. ఆ గుంట పెరిగి గోడ కిందకి వస్తే చప్టా మొత్తం ముందుకి ఒరుగుతుంది. గోడ ముందు వీలైనంత పెద్ద బండరాళ్లు పరిపించండి, తలకాయంత రాళ్లు వరదకి ఆగవు.

2023 డిసెంబరు మిచౌంగ్ తుపానుకి నీళ్లు స్లాబు మీదుగా పోయాయి. తగ్గాక చూస్తే పైపు కదల్లేదు, పైపుల అతుకుల మీద వేసిన కాలర్ల దగ్గర సిమెంటు మాలు ఊడలేదు, దిగువన కొన్ని రాళ్లు మాత్రం జరిగాయి, మళ్లీ సర్దించాం. ఆ రోజు ఎంత ధైర్యంగా అనిపించిందో చెప్పలేను.

ఒక సంగతి మర్చిపోవద్దు, వాగు పోరంబోకు మన పట్టా కాదు. తహసీల్దారు ఆఫీసులో, ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గర ముందే అడిగి కాగితం తీసుకోండి, నీరు, భూమి, చెట్ల మీద 2002 వాల్టా చట్టం కూడా ఉంది. కింది రైతుకి నీళ్లు ఆగుతాయేమోనన్న అనుమానం ఉంటే ఆయన్నీ పని మొదలెట్టకముందే వాగు దగ్గరికి పిలిచి చూపించండి. చప్టా రెండు అంచులకీ తెల్లరంగు వేసిన రాతి స్తంభాలు పాతించండి, నీళ్లు పైన పారేటప్పుడు అంచు ఎక్కడుందో తెలియాలి, ఆ స్తంభాల అడుగు మునిగితే ఏ బండినీ దిగనివ్వకండి.