మడత సైకిల్‌తో 14 నెలలు

నా ప్రయాణంలో రైలు ఏనాడూ ఆలస్యం చేయలేదు. ఆలస్యమంతా రైలుకు అటూ ఇటూ ఉండేది. ఇంటి నుంచి స్టేషన్ 1.8 కిలోమీటర్లు, అవతల దిగాక నేను పనిచేసే గ్రంథాలయం 1.2 కిలోమీటర్లు. రైల్లో ఉండేది 19 నిమిషాలే. మిగిలిన మూడు కిలోమీటర్లు నడిస్తే 40 నిమిషాలు. బస్సు కోసం నిలబడితే ఒక రోజు 5, మరో రోజు 35. ఆ లెక్క తేలకపోవడమే నన్ను ఎక్కువగా అలసట పెట్టేది. నాకు 51 ఏళ్లు, కుడి మోకాలు ఎక్కువ నడక ఒప్పుకోదు. మామూలు సైకిల్‌ను స్టేషన్ దగ్గర పెట్టి వెళితే ఇవతలి ముక్క తీరుతుంది, అవతలి ముక్క అలాగే ఉంటుంది. అందుకే మడత సైకిల్ కొన్నాను. 14 నెలలుగా వారానికి ఐదు రోజులు, వానాకాలంతో సహా వాడాక ఇది రాస్తున్నాను.

నాది 20 అంగుళాల చక్రాలున్న, నడుము దగ్గర రెండుగా మడిచే రకం. అల్యూమినియం చట్రం, వెనక 7 గేర్లు, బరువు 12.4 కిలోలు. ఈ బరువు నేను తూచినది. సైకిల్‌ను ఎత్తుకుని ఇంట్లో బరువు చూసుకునే యంత్రం మీద నిలబడి, నా బరువు తీసేస్తే వచ్చింది. పెట్టె మీద రాసినదానికంటే ఇది 800 గ్రాములు ఎక్కువ. వాళ్లు పెడళ్లు, స్టాండు, మడ్‌గార్డులు లేకుండా తూచారని తర్వాత చిన్న అక్షరాల్లో చదివాను. మెట్లెక్కేవాళ్లకు 800 గ్రాములు చిన్న విషయం కాదు. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం సైకిళ్లన్నిటికీ చాలావరకు నిర్మాణం ఒకటే కాబట్టి, చెప్పబోయేది ఏది కొన్నా పనికొస్తుంది.

కొనేముందు తేల్చుకోవలసింది గేర్లూ రంగూ కాదు, మడత తీరు. ప్రధానంగా రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఒకటి బ్రాంప్టన్ పద్ధతి. ఆండ్రూ రిచీ అనే ఇంజనీరు 1970ల మధ్యలో లండన్‌లోని తన ఫ్లాట్‌లో దీన్ని తయారుచేసుకున్నాడు. కిటికీలోంచి కనిపించే బ్రాంప్టన్ ఆరేటరీ అనే చర్చి పేరే సైకిల్‌కు పెట్టాడు. అందులో వెనక చక్రం చట్రం కిందికి దూరిపోతుంది, ముందు భాగం పక్కకు వచ్చి చేరుతుంది. చక్రాలు 16 అంగుళాలవి, మడిచాక చాలా చిన్న మూట అవుతుంది. రెండోది నా సైకిల్ లాంటిది, నడుములో ఒకే కీలు. అమెరికాలో లేజర్ల మీద పనిచేసిన డేవిడ్ హాన్ అనే భౌతికశాస్త్రవేత్త 1982లో పెట్టిన డాహన్ కంపెనీ ఈ తరహాను బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. ఈ రకం మడిచాక కాస్త పెద్దదిగా ఉంటుంది కానీ నిర్మాణం సులువు, విడిభాగాలు ఎక్కువగా మామూలు సైకిళ్లవే, ఏ వీధి చివరి మెకానిక్ అయినా చేయి పెట్టగలడు. నేను రెండోదాన్ని ఎంచుకున్నది ఆ ఒక్క కారణంతోనే.

కొన్నాక అర్థమైన తేడా ఇంకొకటి ఉంది, దాన్ని దుకాణంలో ఎవరూ చెప్పలేదు. బ్రాంప్టన్ మడతలో చెయిన్ రెండు చక్రాల మధ్య లోపలికి పోతుంది. నా దాంట్లో చెయిన్ బయటి వైపే ఉండిపోతుంది. మొదటి వారంలో రెండు జతల బట్టలకు మోకాలి దగ్గర నల్లటి పళ్లచక్రం అచ్చు పడింది. ఆ మరక ఉతికితే పోదు.

మడవడం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సైకిల్ విలువంతా అక్కడే ఉంది. దిగి, పెడళ్లను లోపలికి నొక్కి నిలువుగా తిప్పుతాను. నడుము దగ్గరి కీలుకు ఒక మీట, దాని మీద చిన్న తాళపు గొళ్లెం. గొళ్లెం జరిపి మీట లాగితే చట్రం వదులై, ముందు భాగం పుస్తకం అట్టలాగా వెనక్కి తిరిగి వస్తుంది. రెండు చక్రాలూ పక్కపక్కకు చేరగానే ఇరుసుల దగ్గరున్న అయస్కాంతాలు ‘టక్’ మని అతుక్కుంటాయి. తర్వాత హ్యాండిల్ రాడ్ మీట తీసి పక్కకు వాలుస్తాను. చివరగా సీటు కిందికి దించితే సీటు రాడ్ అడుగు కొస నేలకు ఆని, మొత్తం మూటకు మూడో కాలు అవుతుంది. ఈ వరుస తప్పితే కుదరదు. సీటు ముందే దించితే రాడ్ నేలకు తగిలి చట్రం తిరగదు.

మా భవనంలో రెండో అంతస్తులో ఎనిమిదేళ్ల పిల్లవాడు ఉన్నాడు. మొదటి రోజు నుంచి నేను సైకిల్ మడుస్తుంటే మెట్ల మీద కూర్చుని లెక్కపెడుతున్నాడు. మొదట్లో తొంభై దాకా వెళ్లేది. రెండు నెలలకు ముప్పైకి వచ్చింది. “ఆంటీ, ఈ రోజు పద్దెనిమిదే!” అని వాడు గంతులేసిన రోజున నాకూ అంతే సంతోషం కలిగింది. దుకాణం వాళ్లు పది సెకన్లని చెబుతారు. చేతిలో సంచీ, భుజాన బ్యాగు ఉన్న మనిషికి 20 సెకన్లు న్యాయమైన లెక్క.

మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, 54 మెట్లు. 12.4 కిలోలు చేత్తో పట్టుకుని ఒకసారి ఎక్కితే ఏమీ అనిపించదు. రోజూ ఎక్కితే వేళ్లు మొదట చెబుతాయి. చట్రం గొట్టం లావుగా ఉండి పిడికిట్లో ఇమడదు. మా సందు మొదట్లో చెప్పులు కుట్టే పెద్దాయన ఉన్నారు. ఒక సాయంత్రం నేను సైకిల్ దించి చేతులు విదిలించుకోవడం చూసి పిలిచారు. పాత బ్యాగు పట్టీ ఒకటి తెచ్చి, దళసరి కాన్వాసుతో గొట్టానికి చుట్టుకునే తొడుగు కుట్టి, దానికి ఆ పట్టీ బిగించారు. “అమ్మా, పట్టీ భుజం చివర వద్దు, మెడ పక్కన ఆనాలి. అప్పుడు నడుము వంగదు” అని తగిలించి చూపించారు. అదే గుడ్డతో చెయిన్ వైపు కప్పే చిన్న తెర కూడా కుట్టారు. అప్పటి నుంచి బట్టలకు మరకల్లేవు, వేళ్లకు నొప్పి లేదు. తయారీదారులు పెట్టెలోనే ఇవ్వవలసిన వస్తువు ఇది.

తొక్కే సంగతికి వస్తే, చిన్న చక్రం కాబట్టి ఊరికే తొక్కుతూ ఉండాలేమో అని చాలామంది అడుగుతారు. అలా ఉండదు. 28 అంగుళాల సైకిల్ చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.2 మీటర్లు, నాది 1.57 మీటర్లే. కానీ ముందు పళ్లచక్రానికి 52 పళ్లు పెట్టి ఆ తేడా పూడ్చారు. వెనక 14 పళ్ల గేరులో పెడలు ఒక్క చుట్టుకు 5.8 మీటర్లు పోతాను, 28 పళ్ల గేరులో 2.9 మీటర్లు. స్టేషన్ ముందున్న వంతెన ఎక్కడానికి ఆ చివరి గేరు చాలు, దిగి నెట్టిన సందర్భం లేదు. ఆగి ఉన్న చోటి నుంచి కదలడంలో చిన్న చక్రమే చురుకు. ప్రతి కూడలిలో ఆగే నగరంలో ఇది నిజమైన లాభం.

నష్టం గుంతల్లో తెలుస్తుంది. పెద్ద చక్రం దాటిపోయే గుంతలో చిన్న చక్రం దిగుతుంది, అంచుకు నిటారుగా తగులుతుంది. హ్యాండిల్ కూడా త్వరగా తిరుగుతుంది. ఒక చేయి వదిలి మలుపు చూపించడం అలవాటు కావడానికి నాకు నెల పట్టింది. వానలో రిమ్మును పట్టే బ్రేకులు మొదటి ఒకటి రెండు చుట్లు నీళ్లు తుడవడానికే సరిపోతాయి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. తడి మ్యాన్‌హోల్ మూతల మీద, రోడ్డు మీది తెల్లగీతల మీద నేను బ్రేకు వేయను, మలుపు తిప్పను. టైర్లలో గాలి 50 నుంచి 60 పౌండ్లు ఉంచుతాను, అంచు మీద గరిష్ఠం 65 అని రాసి ఉంది. వాల్వు కార్లకు ఉండే రకం కాబట్టి పెట్రోలు బంకులోనూ గాలి కొట్టించుకోవచ్చు. అయితే అక్కడి గొట్టం జోరుకు ఈ చిన్న ట్యూబు క్షణాల్లో నిండిపోతుంది, కొద్దికొద్దిగా కొట్టించాలి.

ఈ సైకిల్ కొనేవాళ్లు పూర్తిగా చదవాలని కోరుకునే మాట ఒకటుంది. ఏడో నెలలో ఒక ఉదయం హ్యాండిల్ రాడ్ మీట వేశాను, దాని మీది గొళ్లెం వేయడం మరిచాను. వంద గజాలు వెళ్లాక హ్యాండిల్ నా చేతుల్లో ముందుకూ వెనక్కూ ఆడింది. నెమ్మదిగా ఉన్నాను కాబట్టి కాలు ఆనించి ఆగగలిగాను. గుండె దడ తగ్గడానికి పది నిమిషాలు పట్టింది. ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. విప్పగానే రెండు గొళ్లేలనూ బొటనవేలితో తడిమి చూస్తాను. ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపుతాను. ఇంకో చేతి వేలు కీలు అతుకు మీద ఉంచుతాను. సన్నటి కదలిక ఉన్నా వేలికి తెలుస్తుంది. మీట వేయడానికి అరచేతి బలం కావాలి, తేలికగా పడిపోతుంటే వదులైనట్టే. దాన్ని బిగించడానికి కీలు దగ్గర ఒక మర ఉంటుంది, పావు చుట్టు తిప్పితే చాలు. నా సైకిల్‌కు రెండుసార్లు తిప్పవలసి వచ్చింది. ఇది కొన్నప్పుడు దుకాణంలో చూపించి తీరాలి. నాకు చూపించలేదు, నేనూ అడగలేదు.

పదో నెలలో వెనక టైరు అరిగింది. ఫోన్ చేసి 20 అంగుళాల టైరు కావాలని చెప్పి తెప్పించుకున్నాను. వచ్చినది ఎంత లాగినా రిమ్ము మీద ఎక్కలేదు. గంటసేపు దాంతో పెనుగులాడాం, నేనూ, కింది అంతస్తులో గాలి పంపు ఉన్న పెద్దాయనా. తప్పు మా చేతులది కాదు. 20 అంగుళాలు అనే పేరుతో ముఖ్యంగా రెండు వేరువేరు కొలతలున్నాయి. ఒకటి రిమ్ము మీద టైరు కూర్చునే చోట 406 మిల్లీమీటర్లు, ఇంకొకటి 451. పాత టైరు పక్కన 47-406 అని అచ్చు వేసి ఉంది. మొదటిది వెడల్పు, రెండోది ఆ వ్యాసం. 16 అంగుళాల్లోనూ ఇదే చిక్కు, అక్కడ 305, 349. టైరు కొనేటప్పుడు అంగుళాలు చెప్పవద్దు, ఆ అంకెలు చూసి చెప్పండి. వాపసు తీసుకోవడానికి అమ్మినవాళ్లు మూడు వారాలు తిప్పారు, ఆ మూడు వారాలూ మళ్లీ నడిచాను.

ఆ నడకలోనే నాకు ఈ సైకిల్ ఏం ఇచ్చిందో తెలిసింది. బస్సులో వెళ్లినన్నాళ్లూ మా పేటలో నాకు తెలిసినది ఒక్క పెద్ద రోడ్డే. సైకిల్ మీద పెద్ద రోడ్డు అవసరం లేదు. నా దారి ఇప్పుడు నాలుగు సందులు. రెండో సందులో ప్రహరీ మీదుగా కాగితపు పూల తీగ వేలాడుతుంది, కింద రాలిన పూలను ఒకావిడ ఊడ్చి కుప్ప చేస్తుంది. ఆవిడా నేనూ ఇప్పుడు పలకరించుకుంటాం. మూడో సందులో బడి గేటు, అక్కడ దిగి నడిపిస్తాను. కీలు కిర్రుమన్న రోజున ఏ ఇంటి ముందు ఆగితే నూనెబొట్టు దొరుకుతుందో నాకు తెలుసు. గంటకు 13, 14 కిలోమీటర్ల వేగంలో మనుషుల ముఖాలు కనిపిస్తాయి, పలకరింపు వినిపిస్తుంది. అలాగని ఎక్కడా ఆలస్యం కాదు. స్టేషన్‌కు 8 నిమిషాలు, అవతల 6. రోజుకు రెండువైపులా కలిపి నాకు దాదాపు 50 నిమిషాలు మిగులుతున్నాయి.

రైల్లో ఇబ్బంది రాలేదు. మడత సైకిళ్ల నియమాలు ఒక్కో నగరంలో ఒక్కోలా ఉంటాయి, సంచిలో పెట్టమనే చోట్లూ ఉన్నాయి కాబట్టి ముందే అడిగి తెలుసుకోవాలి. నేను ప్లాట్‌ఫారం మీదికి రాకముందే మడిచి, గుడ్డ కప్పి, రైలు పెట్టె చివర గోడవైపు నిలబెట్టి చేత్తో పట్టుకుంటాను. రద్దీ మరీ ఉంటే ఒక రైలు వదిలేస్తాను. ఎవరి కాలికీ పెడలు తగలకూడదు.

ఐదారు కిలోమీటర్లు ఒకే ఊపున తొక్కేవాళ్లకు, రైలూ మెట్లూ లేనివాళ్లకు ఇది వద్దనే చెబుతాను. అదే ఖర్చుకు మామూలు సైకిల్ ఇంకా బాగా నడుస్తుంది. ఎవరి ప్రయాణం రెండు కొసల దగ్గర ఇరుక్కుపోతోందో వాళ్లకు మాత్రం నిస్సందేహంగా చెబుతాను, కొనండి. కొనేముందు దుకాణంలో పదిసార్లు మడిచి విప్పండి, భుజాన వేసుకుని మెట్లు ఎక్కి దిగండి. తొక్కి చూడడం ఆ తర్వాత.

ఇప్పుడు ముందు టైరూ అరిగింది, బ్రేకు రబ్బర్లూ సన్నబడ్డాయి. ఆదివారం మార్చాలి. పెద్దాయన పంపు సిద్ధంగా ఉంచుతానన్నారు. చీటీ మీద 47-406 అని రాసి బ్యాగులో పెట్టుకున్నాను.