మూడు పిన్నులు, ఒక్క కన్నం: టీవీ ఏవీ కేబుల్ ఆరేళ్ల వాడకం తర్వాత

చాలా పల్చటి టీవీల వెనక ఎరుపు, తెలుపు (శబ్దానికి), పసుపు (బొమ్మకు) సాకెట్లు పోయి, ‘ఏవీ ఇన్’ (ఆడియో, వీడియో లోపలికి) అని రాసిన ఒక్క కన్నం మిగిలింది. అందులో దూరే జానెడు కేబుల్ గురించే ఈ సమీక్ష. ఒక చివర 3.5 ఎం.ఎం. పిన్ను, రెండో చివర మూడు ఫిమేల్ సాకెట్లు. హెచ్‌డీఎంఐ (బొమ్మా శబ్దమూ ఒకే తీగలో వెళ్లే కొత్త రకం సాకెట్) లేని పాత సెట్‌టాప్ బాక్సుకీ, 32 అంగుళాల టీవీకీ మధ్య ఆరేళ్లుగా ఉన్నది ఇలాంటి కేబులే. గోడకు ఆనించి బిగించిన టీవీకి మూడు లావుపాటి పిన్నులు వెనక్కి పొడుచుకురాకుండా పక్కనుంచి దూరిపోవడం మొదట్లో బాగా నచ్చింది.

కోపమల్లా ఒక్కదాని మీద. ఈ పిన్నులో ఏ భాగం దేనికన్న వరస అన్ని టీవీలకూ ఒకటి కాదు. టీవీతో వచ్చిన కేబుల్‌లో తీగ తెగి, షాపులో ‘అచ్చం ఇలాంటిదే’ అని ఇచ్చింది పెడితే తెర నల్లగా, అప్పుడప్పుడూ గీతలు. స్పీకర్లో గుర్రుమని ఒకటే మోత. టీవీ బోర్డు పోయిందనుకోవడం ఇక్కడే మొదలవుతుంది. పోదు.

పిన్ను మీద మూడు నల్ల గీతలు, వాటి మధ్య నాలుగు లోహపు భాగాలు ఉంటాయి: వీడియో, ఎడమ ఆడియో, కుడి ఆడియో, గ్రౌండ్ (మూడింటికీ ఉమ్మడిగా ఉండే తిరుగు దారి). ఏది ఎక్కడుండాలో తయారీదారు ఇష్టం. వరస మారితే వీడియో వెళ్లి ఆడియోలో పడుతుంది. పాల్ అనే మన టీవీ సిగ్నల్ పద్ధతిలో సగం సగం బొమ్మ సెకనుకు 50 సార్లు వస్తుంది కాబట్టి స్పీకర్లో వినపడేది ఆ 50 హెర్ట్జ్ మోతే. కాబట్టి మోత వస్తోందంటే ఒక రకంగా మంచి వార్త: సిగ్నల్ వస్తోంది, దారే తప్పింది.

రంగుల్ని నమ్మకండి. బాక్సు నుంచి వచ్చే పసుపు పిన్నును ముందు ఎరుపు సాకెట్లో, తర్వాత తెలుపులో పెట్టి చూడండి. ఒకచోట బొమ్మ నిలబడితే మిగతా రెండూ ఆడియోకే. ఎడమ, కుడి తారుమారైనా వార్తలకు తేడా తెలియదు. మూడింట్లో ఎక్కడా నిలవకపోతే చాలావరకు గ్రౌండే వేరే చోట ఉందన్నమాట. అప్పుడు ఎన్ని మార్చినా ప్రయోజనం లేదు, కేబుల్ వెనక్కి ఇచ్చేయండి.

తెగిన పాత కేబుల్‌ను మాత్రం పారేయొద్దు. మల్టీమీటర్‌ను (కరెంటు కొలిచే మీటరు) తీగ కలిసి ఉంటే మోగే బీప్‌లో పెట్టి, ఒక ముల్లు సాకెట్ బయటి రింగుకు, రెండోది పిన్ను మీది నాలుగు భాగాలకూ వరసగా తాకించండి, మోగినది గ్రౌండ్. అలాగే ఒక్కో సాకెట్ మధ్య భాగాన్నీ చూడండి. తెగింది ఒక తీగే కాబట్టి మోగని సాకెట్టు, మిగిలిపోయిన భాగానిదే. ఆ వరస కాగితం మీద రాసుకుని, షాపులో కొత్తదాన్ని అలాగే కొలిస్తే సరి.

వరస కలిసినా ఇంకో చిక్కుంది. పిన్ను చుట్టూ ప్లాస్టిక్ లావుగా ఉంటే గుంటలో ఉన్న సాకెట్లోకి పూర్తిగా దిగదు. మిల్లీమీటరు బయట ఉన్నా భాగాలు పక్కదానికి తగులుతాయి, లక్షణాలు సరిగ్గా పై గొడవలాగే ఉంటాయి. పక్కనే ఉన్న హెడ్‌ఫోన్ కన్నం కూడా ఇదే సైజు; అందులో పెట్టి గంటసేపు వెతికేవాళ్లు ఉంటారు. పసుపుకు బదులు ఆకుపచ్చ సాకెట్ ఉన్న టీవీల్లో బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే, టీవీ సోర్స్ మెనూలో కాంపోనెంట్ (బొమ్మను మూడు తీగల్లో విడగొట్టి పంపే పద్ధతి) తీసి ఏవీ పెట్టండి.

పక్కనుంచి దూరడం నచ్చిందన్నాను కదా, ఆ పక్కకే కేబుళ్ల బరువంతా వేలాడి కన్నం లూజవుతుంది. మూడో ఏడు నుంచి ఒకవైపు ఆడియో వస్తూ పోతూ ఉంది. జానెడు ముక్కను టీవీ వెనక టేపుతో అంటించాక ఆగింది. కొన్న రోజే చేయాల్సిన పని అది.

బొమ్మ 576 లైన్లే, అంటే హెచ్‌డీ కాదు. 32 అంగుళాల మీద, మంచం దూరం నుంచి, సీరియళ్లకు సరిపోతోంది. క్రికెట్ స్కోరు అంకెలు మాత్రం అలుక్కుపోతాయి. బాక్సు సెట్టింగుల్లో 16:9 (వెడల్పు తెర కొలత) పెట్టకపోతే మొహాలు సాగిపోతాయి. 43 అంగుళాల తెరకు ఇది సరిపోతుందని చెప్పలేను. బాక్సుకు హెచ్‌డీఎంఐ ఉంటే ఇంత తంటా అక్కర్లేదు కూడా. లేకపోతే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బా ఒకటి దొరుకుతుంది. కొనేటప్పుడు దాని మీద బాణం ఎటు ఉందో చూడండి, తిరగేసిన రకం కూడా పక్కనే అమ్ముతారు.