మూడేళ్ల చేతి చెక్కుడు: పన్నెండు ఉలుల సెట్టులో నాకు మిగిలినవి రెండే

మా అమ్మమ్మ ఇత్తడి బిందె మెడ మీద ఆవిడ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటుంది. ఇప్పుడు విజయవాడ వన్‌టౌన్‌లో సామాన్లు కొంటే కరెంటు మెషీన్‌తో నిమిషంలో పేరు రాసి ఇచ్చేస్తారు. ఆ బిందె మీది అక్షరాలు చూసే నాకు లోహం మీద చేత్తో చెక్కడం నేర్చుకోవాలనిపించింది. గురువంటూ ఎవరూ లేరు, వీడియోలు చూసి మొదలుపెట్టాను. మూడేళ్లయింది. కొన్న సామానులో ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం రాస్తున్నాను.

మొదట కొన్నది పన్నెండు ఉలుల సెట్టు, పిడులతో కలిపి 2,400 రూపాయలు. అమ్మినవాళ్లు వెంటనే వాడుకోవచ్చన్నారు. అది నిజం కాదు. ఈ చెక్కుడు ఉలులు (గ్రేవర్లు) మామూలుగా సరైన పదును లేకుండానే వస్తాయి, పొడవు కూడా చేతికి మించి ఉంటుంది. మన అరచేతి కొలతకు కోసుకోవాలి, పదును మనమే పెట్టుకోవాలి. ఈ సంగతి తెలియక రెండు నెలలు మొద్దు ఉలితో రాగిరేకు మీద కుస్తీ పట్టాను. ఒకరోజు అది జారి ఎడమ బొటనవేలి పక్కన దిగింది. మూడు కుట్లు. పదునైన ఉలి కన్నా మొద్దు ఉలితోనే భయం ఎక్కువ. బలం పెట్టి తోయాల్సి వస్తుంది, జారితే ఆ బలమంతా రెండో చేతి మీదికే వస్తుంది.

కుట్లు విప్పాక వన్‌టౌన్‌లో ఇంకా సుత్తి, ఉలితో పేర్లు కొట్టే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి నా ఉలి చూపించాను. ఆయన మొనను తన బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా నెట్టారు. "గోరు మీదే జారిపోతోంది బాబూ, ఇత్తడిని ఏం పట్టుకుంటుంది?" అన్నారు. తర్వాత తన ఉలి అలాగే ఆనించి చూపించారు. కదల్లేదు, గోటిని పట్టుకుని నిలబడింది. ఇప్పటికీ ప్రతిసారీ ఆ పరీక్ష చేశాకే పని మొదలుపెడతాను. ఇంకో గుర్తు 10ఎక్స్ లూప్‌లో, అంటే పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంలో కనిపిస్తుంది. మొన చివర తెల్లటి చుక్క మెరిస్తే మొద్దుబారినట్టే. పదునున్న మొన మెరవదు.

అందుకే నా సామాను మొత్తంలో ఎక్కువ మార్కులు ఉలులకు కాదు, ఉలిని ఒకే కోణంలో పట్టి ఉంచే పదును జిగ్‌కు ఇస్తాను. 3,800 అయింది. దానికి తోడు పదును పెట్టే డైమండ్ ప్లేట్లు, గరుకుది 600 గ్రిట్, నునుపుది 1200 గ్రిట్. ముఖం, అంటే మొన ముందువైపు వాలు 45 డిగ్రీలు, కింద హీల్, అంటే మొన అడుగున ఉండే చిన్న వాలు 15 డిగ్రీలు. హీల్ అర మిల్లీమీటరు కూడా దాటనివ్వకండి. పొడవైతే వంపు తిప్పేటప్పుడు అది గీత బయటి అంచును రాసుకుంటూ పోతుంది, అక్కడ మెరుస్తూ ఒక గీరుడు మిగిలిపోతుంది. చెయ్యి వణుకుతోందేమోనని ఆ గీరుడు చూసి నేను చాలా రోజులు టెన్షన్ పడ్డాను. తప్పు హీల్‌ది.

మన తెలుగు అక్షరాలకైతే ఈ పొట్టి హీలే ప్రాణం. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లో నిలువు గీతలుంటాయి, మనకు అంతా వంపులే. నేను సున్నాతో మొదలుపెట్టాను. రేకు మీద తెల్ల పోస్టర్ కలర్ పల్చగా అద్ది, ఆరాక పెన్సిల్‌తో వరసగా సున్నాలు గీసుకుని చెక్కేవాణ్ణి. మొదట్లో ఉలిని తిప్పేవాణ్ణి, సున్నాలు బంగాళాదుంపల్లా వచ్చేవి. కుడిచేయి దాదాపు కదలకూడదు, ఎడమచేయి రేకును ఉలికి ఎదురు తిప్పాలి. దానికి చెక్కుడు వైజు (రేకును బిగించి గుండ్రంగా తిప్పే పట్టు) కొనలేదు. కృష్ణ ఇసుక జల్లించి పాత జీన్స్ గుడ్డలో గట్టిగా కుట్టిన సంచి చాలు. రేకును చిన్న చెక్కకు అతికించి సంచి మీద పెడితే చక్కగా తిరుగుతుంది. సున్నా కుదిరాక 'ర' వచ్చింది, 'ళ'కు ఇంకో ఆరు నెలలు పట్టింది.

పన్నెండింటిలో ఇప్పుడు వాడేవి 90 డిగ్రీల చదరపుది, 120 డిగ్రీలదిగా నేనే మలుచుకున్నది. ఈ డిగ్రీలు గీతను కోసే రెండు పక్కల మధ్య కోణం. ఒకే లోతులో 90ది లోతుకు రెండింతల వెడల్పు గీత ఇస్తే, 120ది దాదాపు మూడున్నర ఇంతలు ఇస్తుంది. తలకట్టు లావుగా, కొమ్ము చివర సన్నగా రావాలంటే 120తో కాస్త దించి లేపితే సరిపోతుంది. మిగతా పదీ పెట్టెలోనే ఉన్నాయి. మళ్లీ కొనాల్సి వస్తే విడిగా రెండు మంచి హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) ముక్కలే కొంటాను. హెచ్‌ఎస్‌ఎస్ గ్రైండింగ్ వేడికి తొందరగా మెత్తబడదు. మామూలు కార్బన్ స్టీలు నీలం రంగు తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే.

రేకు విషయానికొస్తే మొదట రాగి తీసుకోండి, పాత సామాన్ల కొట్లో తూకానికి దొరుకుతుంది. మెత్తగా తెగుతుంది. ఇత్తడి గట్టిది, చెయ్యి కుదిరాక దాని మీదికి వెళ్లండి. గాలి ఒత్తిడితో నడిచే హ్యాండ్‌పీస్ నేను కొనలేదు, పాత్రల మీద పేర్లకు దాని అవసరం పడలేదు.

మొన్న మా అక్క కూతురి పెళ్లికి ఇత్తడి చెంబు మీద పేరు చెక్కి ఇచ్చాను. అక్క దాన్ని వెలుగులో పెట్టి వేలితో అక్షరాలు తడిమి, "అమ్మమ్మ బిందె మీద ఉన్నట్టే చేతికి తగులుతున్నాయిరా" అంది. ఇప్పుడు ఎండలు ముదిరాయి. పొద్దున 6 నుంచి 8 దాకే కూర్చుంటున్నాను. ఆ తర్వాత అరచేతిలో చెమటకి పిడి జారుతుంది. ఉలికి కొంచెం నూనె రాసి, గుడ్డ చుట్టి లోపల పెట్టేస్తాను.