ఫ్రాన్స్–జర్మనీ ద్విభాషా చదువు: ఉమ్మడి బడి మేలా, అబిబాక్ మేలా?

ఒకే విద్యార్థికి ఫ్రాన్స్, జర్మనీ దేశాల పాఠ్యప్రణాళికలను కలిపి బోధించే పద్ధతులలో రెండు ముఖ్యమైనవి. మొదటిది ఉమ్మడి బడి. 1961లో జర్మనీలోని జార్‌బ్రుకెన్‌లో మొదలై, తరువాత ఫ్రైబుర్గ్‌కూ, పారిస్ సమీపంలోని బ్యూక్‌కూ, ఇటీవల హాంబుర్గ్‌కూ విస్తరించిన ఈ బడులలో రెండు దేశాల పిల్లలూ చదువుతారు. చిన్న తరగతులలో ఆటలు, సంగీతం వంటి పాఠాలకు మాత్రమే కలిసే పిల్లలు, పై తరగతులకు వచ్చేసరికి ఒకే తరగతిగా కూర్చుంటారు. చివర రాసే పరీక్ష కూడా ఈ బడులకే ప్రత్యేకమైనది. దానిని రెండు దేశాలూ గుర్తిస్తాయి.

రెండవది 1994 ఒప్పందంతో వచ్చిన అబిబాక్. ఇందులో విద్యార్థి మామూలు బడిలోని ప్రత్యేక శాఖలో చేరి, పొరుగు దేశపు సాహిత్యాన్నీ, చరిత్ర వంటి పాఠాలనూ ఆ దేశపు భాషలోనే చదివి, జర్మన్ అబిటూర్, ఫ్రెంచ్ బాకలోరియా అనే రెండు బడి ముగింపు పట్టాలనూ పొందుతాడు.

అసలు తేడా చరిత్ర పాఠంలో తెలుస్తుంది. ఫ్రాన్స్‌లోని వెర్సాయి రాజభవనంలోని అద్దాల మందిరాన్నే తీసుకుందాం. ఫ్రాన్స్‌తో యుద్ధంలో పైచేయి సాధించి 1871 జనవరి 18న జర్మన్ సామ్రాజ్యాన్ని ప్రకటించింది అక్కడే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ చేత 1919 జూన్ 28న శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టించింది కూడా అక్కడే. ఉమ్మడి బడిలో ఆ పాఠం వింటున్న ఫ్రెంచ్ విద్యార్థి పక్కనే జర్మన్ విద్యార్థి ఉంటాడు కనుక, ఎవరికి అది విజయమో, ఎవరికి అవమానమో పుస్తకం చెప్పకముందే తరగతిలో చర్చకు వస్తుంది. అబిబాక్ శాఖలో చాలామందికి ఇంటి భాష ఒకటే కావడంతో, అవతలి పక్షపు మాటను ఉపాధ్యాయుడే పత్రాల ద్వారా తరగతిలోకి తేవాలి. 2006లో వెలువడిన ఉమ్మడి చరిత్ర పాఠ్యపుస్తకం వంటివి ఆ పనికి సాయపడవచ్చు కానీ, పక్క బల్ల మీది స్నేహితుడికి సాటిరావు. ఈ ఒక్క కారణం చేత నా మొగ్గు ఉమ్మడి బడి వైపే.

అయితే ఆ ఉమ్మడి బడులు కొన్నే. అబిబాక్ శాఖలు రెండు దేశాలలోనూ అనేక ఊళ్లలో ఉన్నాయి. పిల్లవాడు ఇల్లూ స్నేహితులనూ వదలనక్కరలేదు. గణితం వంటివి అలవాటైన భాషలోనే సాగడం చిన్న సౌకర్యమేమీ కాదు. తొంభై ఏడును జర్మన్‌లో "ఏడూ తొంభై" అంటారు, ఫ్రెంచ్‌లో "నాలుగు ఇరవైల పదిహేడు" అంటారు. లెక్క మధ్యలో ఈ మార్పు ఎంత తడబాటు తెస్తుందో ఊహించవచ్చు.

జర్మనీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు దీనిని మరింత జాగ్రత్తగా ఆలోచించాలి. ఇంట్లో తెలుగు, బడిలో జర్మన్, వెంట ఇంగ్లీషు ఉన్న బిడ్డకు ఫ్రెంచ్ నాలుగో భాష. ఇల్లు ఉమ్మడి బడులున్న ఊళ్లకు దూరమైతే, ఫ్రెంచ్‌లో నిలదొక్కుకున్నాక అబిబాక్‌లో చేర్చడమే మేలు. ఇల్లు దగ్గరలోనే ఉండి, బిడ్డ పదేళ్లు దాటేలోపే ఫ్రెంచ్ మీద ఇష్టం చూపితే, ఉమ్మడి బడినే ఎంచుకోమంటాను.